చేతికి రాని ఇనాం

పొద్దు బారెడెక్కినా గుర్వమ్మ దొడ్డి దగ్గర నుంచి కదల్లేదు. కంపతడక పక్కకు లాగేసి ఉంది. లోపల ఎండిన పెంటికలు, నేలంతా గిట్టల గుర్తులు తప్ప ఏమీ లేవు. ఆ వాకిట్లోనే కాళ్ళు బారజాపుకొని కూర్చున్న అత్త ముందు బీరమ్మ జొన్నరొట్టె పళ్ళెం పెట్టింది.

"జర్రంత తిను అత్తా. నిన్న మాపటి సంది నోట్లె నీళ్ళు గూడ పోస్కోలేవు."

"గొర్లు మేసినయా?" అంది గుర్వమ్మ.

బీరమ్మ పళ్ళెం ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"అవి మేయకుండ నేనెన్నడన్న తిన్ననా? నీ పెండ్లయి ఇన్నేండ్లాయె. ఎన్నడన్న సూసినవా?"

లోపల మల్లప్ప చెప్పుల వారు కుట్టుకుంటున్నాడు. తల్లి మాట చెవిన పడనట్టే ఉన్నాడు. నిన్న సాయంత్రం ఒంటరిగా ఇంటికొచ్చి, మందంతా బషీర్‌కు అమ్మేశాననీ, ఆ డబ్బు ఆత్మకూరు బస్టాండు దగ్గరి వీడియో గేముల దుకాణంలో కట్టాననీ చెప్పినప్పటి నుంచి అతని తీరు అదే. ఏదో ఒక పని చేతిలో పెట్టుకొని తలెత్తకుండా కూర్చోవడం.

"నువ్వన్న ఒక మాట చెప్పరాదు అత్తకు?" గడపలో నిలబడి అడిగింది బీరమ్మ.

"ఏం జెప్పాలె? పైసలు యాడికీ పోలే అని నిన్ననే చెప్తి. ఉన్నయి. నేను కట్టినయి ఉన్నయి, వాళ్ళు కలిపిన ఇనామున్నది. తెర మీద నా కండ్లతోని సూసొచ్చిన."

"ఉంటే పోయి తే."

"ఇప్పుడు తెస్తే ఇనాం పోతది."

"పోతే పోనీ!"

మల్లప్ప అప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పోనీ అంటవా? కట్టినదానికి సగం కలిపిండ్రే! నా బతుకుల నాకెవడన్న ఊకె ఇచ్చిండా? మీ నాయినిచ్చిండా, సర్కారిచ్చిందా? కాలు పెట్టంగనే కుర్సీ ఏస్తరు. చాయ్ పోస్తరు. మల్లప్ప గారూ అంటరు. మల్లప్ప గారు! ఈ ఊర్ల ఎవడన్న అన్నడా గట్ల?"

ఆ మాటకు బీరమ్మకు కోపం రావలసింది. రాలేదు. గొర్రెల వెంట ఎండకు ఎండి వానకు తడిసిన ఆ మనిషిని ఊళ్ళో అందరూ 'ఏయ్ మల్లిగా' అనే పిలుస్తారని ఆమెకూ తెలుసు. పొయ్యి దగ్గరికి పోయి, ఆరిపోయిన నిప్పును ఊదుతూ కూర్చుంది.

మధ్యాహ్నం కాకముందే బషీర్ సైకిలు దిగాడు. అతను ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గొర్రెలు కొని హైదరాబాదుకు లారీల మీద పంపిస్తాడు. లోపలికి రాకుండా వేపచెట్టు నీడలోనే ఆగి, టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"చెల్లె, మల్లప్ప బోరు ఏయిస్తున్న అన్నడు. అందుకే మంద తీస్కున్న. పొద్దుగాల బస్టాండుల ఎవరో చెప్పిండ్రు, బోరు లేదు ఏం లేదని. నిజమేనా?"

"నిజమే బషీర్ భాయ్."

బషీర్ తల పంకించాడు. చాలాసేపు సైకిలు గంట మీద వేలు ఆడించాడు గాని మోగించలేదు.

"మందల సూడిగొర్లున్నయి. ఇయ్యాల్నో రేపో ఈనేటియి. అసోంటియి కోతకు పంపాల్నంటె నాకూ పానం ఒప్పుతలేదు. రేపు అంగడి. పగటాల్లకు లారీ ఎక్కిస్తం. అప్పటిదాక నా కొట్టంలనే ఉంటయి. నేనిచ్చిన పైసలు తెస్తే తోలుకపో. ఒక్క రూపాయి లాభం అడుగ."

"ఇంకో అంగడి దాక ఆగరాదు?"

"నా ఒక్కని బేరమైతే ఆగేటోన్ని. బేరంల పాలు కలిసినోళ్ళున్నరు. నా చేతుల లేదు చెల్లె." ఇంట్లోకి ఒకసారి చూశాడు. మల్లప్ప బయటికి రాలేదు. "సలాం చెప్పు," అని సైకిలెక్కాడు.

బీరమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. భర్తకు చెప్పలేదు. అత్తకూ చెప్పలేదు. రోడ్డెక్కి, ఆత్మకూరు పోయే జీపులో వెనక వేలాడుతున్న మగవాళ్ళ మధ్య ఇరుక్కొని కూర్చుంది. ఆ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చునేది పరాయివాడు కాదు. ఆమె సొంత తమ్ముడు లింగస్వామి.

డైమండ్ వీడియో గేమ్స్ బస్టాండుకు ఎదురుగా, ఎస్‌టీడీ బూత్ పక్కన ఉంది. అద్దాల తలుపుకు నల్ల కాగితం అంటించారు. లోపల పట్టపగలే చీకటి. గోడల వెంట వరసగా తెరలు, ఒక్కో తెర ముందు ఒక్కో మగవాడు, ముఖాల మీద ఎరుపూ నీలమూ వెలుగులు. ఆడమనిషి లోపలికి రావడం చూసి ఒకరిద్దరు తిరిగారు. వెంటనే మళ్ళీ తెరల వైపు తిరిగిపోయారు.

లింగస్వామి అక్కను చూడగానే లేచి, చెయ్యి పట్టుకొని వెనక గదిలోకి తీసుకుపోయాడు. మహబూబ్‌నగర్‌లో కంప్యూటరు కోర్సు చేసినవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క ముఖం మాత్రం చూడలేకపోయాడు.

"బావ ఈడికి వస్తుండని నీకెరికేనా?"

"ఎరికే."

"ఎప్పటి సంది?"

"రెండు పొట్టేండ్లు అమ్మిన పైసలు తెచ్చిన కాడి సంది."

బీరమ్మ చెక్కపెట్టె మీద కూలబడింది. రెండు పొట్టేళ్ళు తోడేలు పాలయ్యాయని మల్లప్ప చెప్పిన రోజు ఆమె మనసులోకి వచ్చింది. ఆ రోజు తమ్ముడు ఇంటికి వచ్చి అన్నం తిని, ఏమీ ఎరగనట్టు పోయాడు.

"నాకొక మాట చెప్పకపోతివిరా."

"చెప్తె నువ్వొచ్చి లొల్లి చేస్తవు. సేటు నన్ను తీసేస్తడు. బాపు దవాఖాన ఖర్చు యాడికెళ్ళి తేవాలె?"

తండ్రి ఊపిరితిత్తుల జబ్బుకు మందులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇన్నాళ్ళు ఆమె అడగలేదు. తమ్ముడికి మంచి నౌకరి దొరికిందని పదిమందికీ చెప్పుకుంది కూడా.

బయట ఒక తెర గంటలు కొట్టినట్టు మోగింది. ఎవరో ఈల వేశారు.

"లింగస్వామీ, ఆ ఇనామంటే ఏంది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. ఇనామంటే ఊకె ఇచ్చేది గదా?"

"ఊకె కాదక్కా. నూరు కడితే యాభై కలుపుతం. కలిపిన ఆ మొత్తాన్ని పదిపాల్లు, అంటె పదిసార్లు తిప్పి ఆడి తీరాలె. అప్పటిదాక ఇనామూ చేతికి రాదు, గెలిచిందీ రాదు."

"పదిపాల్లు ఆడితె ఏం మిగుల్తది?"

లింగస్వామి గోడ వైపు చూశాడు.

"అరే, అడుగుతున్న గదా! పదిపాల్లు ఆడి ఎవడన్న తీస్కపోయిండా?"

"ఒకాయన తీస్కపోయిండు. దసరాకు. సేటు ఆయనకు పూలదండేసి ఫొటో తీయించిండు. వాకిట్ల పెట్టినం సూడు, అదే."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"మరి మీ బావ, కట్టినదానికన్న ఎక్కువే ఉన్నది, తెర మీద సూసొచ్చిన అంటుండు?"

"ఎక్కువే కనపడ్తది." అతని గొంతు తగ్గిపోయింది. "బావ నిన్న పగలంత ఆడిండు. పోయింది గూడ. ఆడినప్పుడు మొదలు పోయేది ఆయన సొంత పైసలే అక్కా. ఇనాం అడుగున ఉంటది, అది కరగదు. తెర మీద రెండూ కలిపి ఒక్కటే అంకె. అందుకే ఎక్కువున్నట్టు కనపడ్తది. తీస్కుంటనంటె ఇనాం రద్దయి, మిగిలిన సొంతందే చేతికొస్తది."

"రెండూ వేరువేరుగ పెట్టకుంట ఒక్కటే అంకె ఎందుకు పెట్టిండ్రు?"

"నేను మొదలు రెండంకెలే పెట్టిన. నీది ఇంత, ఇనామింత అని. సేటు సూసి, రెండుంటె మనిషి తనది తాను తీస్కొని లేచిపోతడు, ఒకటి చెయ్యి అన్నడు. చేసిన."

"నువ్వు చేసినవా?"

"ఆ."

"ఇనామిచ్చుడు ఎవని ఆలోచన?"

"సగమిద్దామన్నది సేటు. పదిపాల్లు తిప్పాలన్న లెక్క నాది. మనూర్ల మందల నుంచి తప్పిపోయిన గొర్రె ఎనుక ఉరుకొద్దు, తుమ్మకాయలు సూపియ్యాలె అని బాపు చెప్పేటోడు గదా. నేనేమో ఎవరో పైసలున్నోళ్ళు వస్తరనుకున్న అక్కా. పంతుళ్ళు, వ్యాపారస్తులు. బావ వస్తడనుకోలే."

కొట్టాలనిపించింది బీరమ్మకు. చెయ్యి లేచింది కూడా. కానీ చిన్నప్పుడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు. ఇప్పుడూ దెబ్బ కోసమే ఎదురుచూస్తున్నట్టు ముఖం ముందుకు పెట్టి నిలబడ్డాడు. లేచిన చెయ్యి ఆమె ఒళ్ళోనే పడింది.

"మిగిలింది సూడిగొర్లకు సరిపోతదా?"

"సరిపోతది. మందంతటికి రాదు. సూడిగొర్లకు వస్తది."

"సేటును పిలువు."

కురుమూర్తి సేటు కోపిష్ఠి కాదు. అదే ఆమెకు మరీ కష్టమైంది. తిట్టేవాడైతే తిరిగి తిట్టవచ్చు. అతను చేతులు జోడించి, అమ్మా అని పిలిచి, చల్లటి నీళ్ళు తెప్పించాడు.

"మల్లప్ప గారి పైసలు ఆయన తీస్కుంటనంటె నాకేం కష్టమమ్మా? గాకపోతె పైసలు కట్టిన కార్డు ఎవరి పేరున ఉన్నదో వాళ్ళే రావాలె. నేను మీ చేతికిస్తె రేపు ఆయనొచ్చి నన్నడుగుతడు. న్యాయమేనా? ఆయన్ని రమ్మనుండ్రి. నిమిషంల ఇచ్చేస్త."

న్యాయంగానే ఉంది.

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. తెర మీద ఉన్నది అతని డబ్బు కాదనీ, అతని సొంతం కరిగిపోతోందనీ, రేపు పగటికల్లా తెస్తే సూడిగొర్రెలైనా దక్కుతాయనీ. మల్లప్ప వింటూ చుట్ట కాల్చాడు.

"నీ తమ్ముడు చెప్పిండా?"

"ఆ."

"వానికి ఈర్ష. బావ గెలుస్తుండని."

"దేవుడా! వాడే తయారుచేసిండు ఆ లెక్కంత. వానికి తెల్వదా?"

"తెలిస్తె మరి ఆడుమని కార్డు ఎందుకిచ్చిండు నా చేతికి? అడుగకపోతివా?"

అడగలేదు. ఆమె గుండెలో ఆ ప్రశ్న ముల్లులా దిగింది.

"సగం ఆట అయింది," అన్నాడు మల్లప్ప, ఈసారి బతిమాలుతున్నట్టు. "ఇంకా సగం ఆడితె మొత్తం నాదే. ఇప్పుడు తీస్తె ఇనామంత మన్నుల పోసినట్టు గాదా?"

"నీది కాని దానికోసం నీదాన్ని మన్నుల పోస్తున్నవు గదయ్యా!"

అతను చుట్ట ఆర్పి, ముసుగు పెట్టి పడుకున్నాడు.

తెల్లవారి గుర్వమ్మ లేచింది. లేచిందని బీరమ్మ సంతోషించింది. ముసలామె ముఖం కడుక్కుంది. గొంగడిని తల మీదికి కొప్పెరగా మడిచి పెట్టుకుంది. మూలనున్న దుడ్డుకర్ర తీసుకుంది.

"యాడికి అత్తా?"

గుర్వమ్మ ఖాళీ దొడ్డి ముందుకు పోయి, కంపతడక అప్పుడే తీసినట్టు పక్కకు జరిగి నిలబడింది, మంద బయటికి రావడానికి దారి ఇస్తున్నట్టు. ఆ తరవాత వెనకే నడవడం మొదలుపెట్టింది. నాలుక మడిచి చిన్నగా ఈల వేసింది. దారి తప్పిన గొర్రెను అదిలించినట్టు కర్రను ఎడమపక్కకు చాచింది.

"ఓ... హో... ఇటు, ఇటు..."

వీధిలో నీళ్ళకు పోతున్న సాలమ్మ బిందె దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. ముసలామె రోజూ పోయే బాటనే, రోజూ పోయే నడకతో, ముందు ఏమీ లేని దారిలో గుట్ట వైపు పోతూ ఉంది.

మల్లప్ప గడపలోకి వచ్చి చూశాడు. బీరమ్మ అతని వైపు చూడలేదు. అతని ఊపిరి మాత్రం వినిపించింది, పరుగెత్తి వచ్చినవాడి ఊపిరిలా. అతను పరుగున పోయి తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె ఆగింది.

"జరుగు బిడ్డా," అంది గుర్వమ్మ మెల్లగా. "గొర్లు బెదుర్తయి."

మల్లప్ప ఆ బాటలోనే కూర్చుండిపోయాడు. ఒక మగవాడు అట్లా ఏడవడం బీరమ్మ ఎన్నడూ చూడలేదు.

"పోదాం పా," అన్నాడు చివరికి. "సూడిగొర్లు తెద్దాం. పోదాం పా."

గుట్ట దాకా ముసలామె వెంట ఉండమని సాలమ్మకు చెప్పి ఇద్దరూ జీపెక్కారు. దారి పొడవునా అంగడికి పోయే మేకలు, బుట్టల్లో కోళ్ళు, ఎండుమిరపకాయల బస్తాలు. బస్టాండు పక్కనే బషీర్ కొట్టం ముందు లారీ నిలబడి ఉంది. వెనక తలుపు దించి ఉంది, ఇంకా ఎక్కించడం మొదలుపెట్టలేదు. బషీర్ వాళ్ళను చూసి చెయ్యెత్తాడు. త్వరగా రమ్మన్నట్టు ఊపాడు.

దుకాణంలో సేటు మల్లప్పకు కుర్చీ వేయించాడు. మల్లప్ప కూర్చోలేదు.

"నావి నాకియ్యుండ్రి."

"తప్పకుంట మల్లప్ప గారూ. లింగస్వామీ, ఖాతా మూసెయ్యి."

లింగస్వామి మీటలు నొక్కాడు. సేటు నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంతేనా అన్నట్టు మల్లప్ప వాటి వైపు చూశాడు. బీరమ్మ అతని మోచేతిని నొక్కింది. అతను నోట్ల మీద చెయ్యి వేశాడు.

అప్పుడు తెర మీద బంగారు రంగు నక్షత్రాలు పూశాయి. వాటి మధ్య పెద్ద పెద్ద అక్షరాలు వెలిగాయి. సన్నగా ఏదో సంగీతం వచ్చింది.

మల్లప్పకు చదువు రాదు. బీరమ్మకూ రాదు.

"ఏం రాసున్నది దాంట్ల?" అన్నాడు మల్లప్ప.

లింగస్వామి ముఖం పాలిపోయింది. సేటు చాయ్ గ్లాసు అందుకొని, లింగస్వామి ఏం చెబుతాడో తనకూ వినాలని ఉన్నట్టు నిలబడ్డాడు.

"ఏం లేదు బావా," అన్నాడు లింగస్వామి. "మల్ల రాండ్రి అని. ఊకె మర్యాదకు."

బీరమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు ఏదో దాస్తున్నాడు, తమ కోసమే. ఎంత చేసినా తన రక్తమే.

పక్క తెర ముందు ఆడుతున్నవాడు మెడ చాచాడు.

"ఏం లేదంటవేంది భాయ్? అంత పెద్దగ రాసుంటె! ఖాతా మూసినోళ్ళు ఇయ్యాల్నే మల్ల కడితె సగం గాదంట, కట్టినంత ఇనామంట! నూరుకు నూరు! నాకెన్నడు రాలేదు గిది."

దుకాణంలో అందరి తలలూ ఇటు తిరిగాయి. అదృష్టవంతుణ్ణి చూసినట్టు చూశారు.

"నిజమేనా?" మల్లప్ప అడిగింది సేటును కాదు, లింగస్వామిని.

"బావా, తీస్కపో. దండం పెడ్త. గది పోయేటోళ్ళను ఎనుకకు మళ్ళేసుకోనికే నేను పెట్టిన..."

"నిజమేనా కాదా?"

లింగస్వామి సేటు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"నిజమే," అన్నాడు.

బయట లారీ ఇంజను మొదలైంది. బీరమ్మ రెండు చేతులూ చాచి, మల్లప్ప చెయ్యి మీద, ఆ చేతి కింది నోట్ల మీద గట్టిగా అదిమింది. బల్ల అంచు ఆమె కడుపుకు ఒత్తుకుంది.

"లారీ పోతది. సూడిగొర్లయ్యా. అత్త గుట్ట మీదుంది."

"ఎరికే," అన్నాడు మల్లప్ప. అతని చూపు తెర మీదే ఉంది. "ఒక్కపాలి కడితె మందంతా వస్తది గదనే. సూడిగొర్లే ఎందుకు, మందంతా. అమ్మ ముంగట తోలుదాం."

"వద్దయ్యా."

"బీరమ్మా, చెయ్యి తియ్యి."

పెళ్ళయిన నాటి నుంచి అతను ఆమెతో అంత మెత్తగా ఎన్నడూ మాట్లాడలేదు.